పదమూడో నంబరు యంత్రం

నీలోజిపేట శాఖా గ్రంథాలయంలో ఇకపై ఎవరూ చదవకూడదని ఒక సోమవారం ఉత్తరం వచ్చింది. లైబ్రేరియన్ ఓదెలు దాన్ని మూడుసార్లు చదివాడు. చదవొద్దని చెప్పే కాగితాన్ని తాను చదవవచ్చా అన్న అనుమానం ఆయనకు రెండోసారి చదువుతుండగా వచ్చింది. అప్పటికే సగం నేరం జరిగిపోయింది కాబట్టి మిగతా సగమూ కానిచ్చాడు.

"ఇందుమూలముగా సమస్త శాఖా గ్రంథపాలకులకు తెలియజేయడమేమనగా, ప్రపంచము పఠన దశను దాటి శ్రవణ దశలోనికి ప్రవేశించినందున, వచ్చే ఒకటవ తేదీ నుండి జిల్లాలోని గ్రంథాలయములన్నియు శ్రవణాలయములుగా పరివర్తన చెందును. పుస్తకములను ఒక గదియందు భద్రపరచి తాళము వేయవలెను. పాఠకులు ఇకపై శ్రోతలుగా వ్యవహరింపబడుదురు. దీనిని అత్యవసరముగా భావించవలెను."

కింద సంతకం డాక్టర్ విభూషణరావుది. ఆయన శ్రవణ మిషన్ ప్రత్యేకాధికారి. ఈ మిషన్ పుట్టుక గురించి జిల్లా అంతా ఒకే కథ చెప్పుకుంటున్నారు. ఆయన అధ్యయన యాత్రకని విమానం ఎక్కాడట. పక్క సీటాయన చెవుల్లో ఏవో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మధ్యమధ్య తల ఊపుతున్నాడట. ఏమిటని అడిగితే పాడ్‌కాస్ట్ అన్నాడట. రేడియోలాంటిదే, కాకపోతే మనకు కావలసిన ముచ్చట మనమే వెతుక్కుని, మన తీరిక వేళ వినొచ్చు అని వివరించాడట. విమానం దిగే సరికి విభూషణరావు కళ్ల ముందు జిల్లాలోని నలభై రెండు గ్రంథాలయాలూ కళ్లు మూసుకుని తలలూపుతూ కనిపించాయి. మంచి ఆలోచన ఒక అధికారికి వచ్చిందంటే ఇక దాన్ని ఎవరూ కాపాడలేరు.

ఓదెలుకు పాడ్‌కాస్టుల మీద కోపమేమీ లేదు. రాత్రి అన్నం తిన్నాక ఫోన్లో పాతకాలపు యక్షగానాల మీద ఎవరో కుర్రవాడు చేసే పాడ్‌కాస్ట్ ఇష్టంగా వింటాడు కూడా. ఆయన బెంగంతా రవళి గురించి.

రవళికి ఆరేళ్లప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. పట్టుదల మాత్రం అణుమాత్రం పోలేదు. డిగ్రీ చేసింది, బీఎడ్ చేసింది, ఇప్పుడు టీచర్ ఉద్యోగం పరీక్షకు కూర్చోబోతోంది. రోజూ పొద్దున పదింటికి తల్లి లచ్చవ్వ ఆమెను ఆటోలో తీసుకొస్తుంది. తల్లి వరండాలో తునికాకు చాట ముందేసుకుని బీడీలు చుడుతుంది. లోపల ఓదెలు పరీక్ష గైడు తెరిచి పైకి చదువుతాడు. ఫోన్‌తో ఆ గైడు పేజీలు ఫొటో తీసి చదివించాలని ఆమె చాలాసార్లు చూసింది. అది ఒత్తులన్నీ మింగేసి, రెండు పంక్తుల తర్వాత ఇంగ్లీషులో క్షమాపణ చెప్పి ఊరుకుంటుంది. ఆ సిలబస్ మీద పాడ్‌కాస్ట్ ఎవరూ చేయలేదు. మొత్తం మీద ఈ లోకంలో రవళికి ఆ మూడు వందల నలభై పేజీలనూ చేర్చే దారి ఓదెలు గొంతు ఒక్కటే. పరీక్ష మాత్రం ఒకటో తేదీ నుంచి లెక్కేస్తే నలభై ఒకటో రోజున ఉంది.

ముందుగా లైబ్రేరియన్లందరికీ జిల్లా కేంద్రంలో శిక్షణ ఇచ్చారు. విభూషణరావు గంటన్నర మాట్లాడాడు. చివరికి "సందేహాలుంటే నిస్సంకోచంగా అడగండి" అన్నాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఓదెలు మీటింగులో లేచి నిలబడ్డది ఆ ఒక్కసారే.

"సార్, పాడ్‌కాస్ట్ అంటే మనకు స్టాకు కింద వస్తదా, సేవ కింద వస్తదా?"

విభూషణరావుకు జవాబు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు అంతకన్నా లేదు.

"స్టాకే," అన్నాడు. "గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతిదీ స్టాకే. పుస్తకానికి వర్తించే నియమాలన్నీ ప్రతి ఎపిసోడ్‌కూ యథాతథంగా వర్తిస్తాయి."

ఆ ప్రశ్న అడగకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఓదెలు తర్వాత చాలాసార్లు చెంపలేసుకున్నాడు. ఎందుకంటే ఆ ఒక్క జవాబుతో నలభై రెండు ఊళ్లలో అనర్థం మొదలైంది.

పుస్తకం కొంటే స్టాకు రిజిస్టరులో నంబరు వేయాలి. కాబట్టి ఎపిసోడ్లకు నంబర్లు పడ్డాయి. పుస్తకం మొదటి పేజీ మీదే కాక, పదిహేడో పేజీ మీద కూడా గ్రంథాలయం ముద్ర గుద్దుతారు. దాన్ని రహస్య పేజీ అంటారు. ఎవరైనా దొంగిలించి అట్ట, మొదటి పేజీ చించేసినా పదిహేడో పేజీ పట్టిస్తుందని పూర్వీకుల నమ్మకం. మరి మాటకు ముద్ర ఎక్కడ గుద్దాలి? జిల్లా ఆఫీసు వారం రోజులు తర్జనభర్జన పడి తేల్చింది. ప్రతి ఎపిసోడ్‌లో సరిగ్గా పదిహేడో నిమిషాన "ఇది ఫలానా శాఖా శ్రవణాలయపు ఆస్తి" అని లైబ్రేరియన్ గొంతు వినపడాలి. పదిహేడు నిమిషాల కన్నా పొట్టి ఎపిసోడ్‌లకు ముద్ర వేసే వీలు లేదు కనుక అవి కొనుగోలుకు అనర్హం.

ఓదెలు తలుపులు వేసుకుని ఆ ముక్కను రికార్డు చేసి పంపాడు. ఆ తర్వాత వరి తెగుళ్ల గురించి ఎవరు మాట్లాడుతున్నా, గుండె జబ్బుల గురించి ఏ డాక్టరు హెచ్చరిస్తున్నా, పదిహేడో నిమిషం రాగానే ఓదెలు మధ్యలో దూరి అది తమ ఆస్తి అని చెప్పేవాడు.

ఒకటో తేదీన ప్రారంభోత్సవం జరిగింది. పన్నెండు హెడ్‌ఫోన్లు వచ్చాయి. వాటికి ఒకటి నుంచి పన్నెండు దాకా యంత్రాలని నంబర్లు. వాటన్నిటికీ పెద్దదిక్కుగా నిలువెత్తు అద్దం తెర ఒకటి వచ్చింది. కావలసిన పాడ్‌కాస్టును అందులో వెతకాలి. దాని మీద "వినికిడి మిత్ర" అని బంగారు రంగు అక్షరాలు. రిబ్బన్ కత్తిరించాక విభూషణరావు రవళి చేయి పట్టుకుని తెర ముందు నిలబెట్టాడు. ఫొటోగ్రాఫరు కోసం ఆమె తలకు హెడ్‌ఫోను తొడిగాడు.

"చూపు లేని మా సోదరికి ఈనాటి నుండి సమస్త విజ్ఞానం చేతి వేళ్ల దూరంలో ఉంది!" అని మైకులో ప్రకటించాడు.

రవళి చేతి వేళ్లతో తెరంతా తడిమింది. నున్నటి అద్దం. "సార్, బటన్లు ఏడున్నయి?" అని అడిగింది.

"బటన్లు పాత పద్ధతి అమ్మా. తెర మీద కనిపించే బొమ్మను తాకితే చాలు."

"కనపడేటోళ్లకు సరే సార్. నాకెట్ల?"

విభూషణరావు జాలిగా నవ్వాడు. "యంత్రం ముందు అందరూ సమానమే. నీకని ప్రత్యేకంగా చూడదు."

ఆమె తరఫున ఓదెలే తెర తాకి పరీక్ష పాఠం పేరు, "బాల వికాసం" అని రాశాడు. వినికిడి మిత్ర కాసేపు తిరిగి తిరిగి, మీలాంటి వారు ఇష్టపడినవి అంటూ మూడు చూపించింది: నలభై దాటాక నడుం నొప్పి, కోళ్ల పెంపకంలో విజయగాథలు, గెలిచేవాళ్లు తెల్లారి ఏం తింటారు. ఓదెలు తెరను ఆపేసి, అలవాటుగా గైడు కోసం చేయి చాచాడు. ర్యాకు ఖాళీ. పుస్తకాలన్నీ పక్క గదిలో తాళం వెనక ఉన్నాయి.

"గైడు నేను తెచ్చి చదువుత సార్," అన్నాడు.

విభూషణరావు ముఖం మాడిపోయింది. మిషన్ నియమావళి పుస్తకం తొమ్మిదో పేజీ తీసి చూపించాడు. "శ్రవణాలయ ప్రాంగణమందు యంత్రేతర శ్రవణము నిషిద్ధము. చూశారా? మీరు నోటితో చదివితే ఆ నిమిషాలు మిషన్ యాప్‌లో పడవు. యాప్‌లో పడనిది జరగనట్టే లెక్క. ఒక్క శ్రోతను మీరు గొంతుతో లాగేసుకుంటే శాఖ ప్రగతి ఏం కావాలి?"

ఆ రోజు రవళి ఏమీ వినకుండా ఇంటికి వెళ్లింది. ఆటో ఎక్కిస్తూ లచ్చవ్వ, "గింత పెద్ద అద్దం తెచ్చిన్రు, నా బిడ్డకు ముఖం చూసుకునేతందుకు గూడ పనికిరాదు," అంది. ఓదెలుకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇరవై ఆరేళ్లలో ఒక్క మనిషిని కూడా ఆయన ఆ గుమ్మం నుంచి ఉత్త చేతులతో పంపింది లేదు.

మిగతావాళ్ల సంగతి ఇంకా వింతగా ఉంది. రిటైరైన బస్ కండక్టర్ పోశెట్టి రోజూ పేపరు చదవడానికి వచ్చేవాడు. ఇప్పుడు పేపరు లేదు. ఆయనకు నలభై ఒకటో నంబరు ఎపిసోడ్, తేనెటీగల పెంపకం, పద్నాలుగు రోజులకు ఇష్యూ అయింది. ఒక పుస్తకం ఒకసారికి ఒక్కరికే ఇస్తారు కనుక, ఆయన దగ్గరున్నన్నాళ్లూ తేనెటీగల గురించి నీలోజిపేటలో ఇంకెవ్వరూ వినకూడదు. ఆయన వారానికే వాపస్ ఇవ్వడానికి వచ్చాడు. వచ్చి ఓదెలు ముందు ఖాళీ చేతులతో నిలబడ్డాడు.

"విన్న. ఇగ ఎట్ల వాపస్ ఇయ్యాలె సారూ?"

ఓదెలు నియమావళి చూశాడు. వాపసు తీసుకునేటప్పుడు స్టాకు చిరగలేదని, పేజీలు పోలేదని, యథాతథంగా ఉందని సరిచూసుకోవాలని పుస్తకాలకు ఉన్న నియమమే దీనికీ ఉంది. "మీరు విన్నది మొత్తం నాకు చెప్పాలట పోశెట్టన్నా. చిరిగిందో లేదో చూడాలె."

పోశెట్టి గొంతు సవరించుకున్నాడు. "తేనెటీగలు ఉంటయి. అండ్ల ఒక రాణి ఉంటది. అది పెద్దగుంటది. మిగిలినయి దాని మాట వింటయి. నడుమ నువ్వొచ్చి ఇది మా ఆస్తి అన్నవు. నాకు అప్పుడు కునుకు పట్టింది."

ఓదెలు రిజిస్టరులో "నలభై ఒకటి: సగానికి పైగా చిరిగినది" అని రాసుకున్నాడు. పోశెట్టి మనసు చివుక్కుమంది. బస్సులో ఇరవై తొమ్మిదేళ్లు ఒక్క టికెట్ చిరగకుండా ఇచ్చిన మనిషి తానని ఎదురు తిరిగాడు గానీ, చిరిగింది చిరిగినట్టే ఉండిపోయింది.

అలా వారం గడిచింది. రవళి రోజూ వస్తూనే ఉంది. హెడ్‌ఫోను పెట్టుకుని కోళ్ల పెంపకం వింటూ కూర్చుని, సాయంత్రం లేచి వెళ్లిపోతోంది. ఏడో రోజున మాత్రం ఆగి అడిగింది.

"సార్, నేను పరీక్ష రాయాల్నా, వద్దా? ఇగ ముప్పై నాలుగు రోజులే ఉన్నయి. ఇంటికాడ అమ్మకు చదువు రాదు. వద్దంటే చెప్పున్రి, నేను గూడ బీడీలకు కూసుంట."

ఆ సాయంత్రం ఓదెలు తలుపులు మూసే ముందు నియమావళిని మళ్లీ మొదటి నుంచీ పట్టుకున్నాడు. చదవడం నిషిద్ధమైన చోట ఆ పుస్తకం పూర్తిగా చదివిన మనిషి బహుశా ఆయన ఒక్కడే. రెండో పేజీలో ఉంది ఆయనకు కావలసింది.

"శ్రవణ యంత్రమనగా స్టాకు రిజిస్టరునందు నమోదై, శ్రోత కోరిన విషయమును వెదకి వినిపించగల ఏదేని సాధనము."

ఏదేని. ఓదెలు ఆ మాట దగ్గర చాలాసేపు ఆగాడు. వెతకడం తనకు వచ్చు, ఏ పుస్తకం ఏ ర్యాకులో ఉండేదో కళ్లు మూసుకుని చెప్పగలడు. వినిపించడమూ వచ్చు. ఇక మిగిలింది రిజిస్టరులోకి ఎక్కడమే.

ఇప్పుడు అర్జీలు కూడా కాగితం మీద రాయకూడదు, మాట్లాడి యాప్‌లో పంపాలి. ఓదెలు పంపాడు. "సార్, మా శాఖకు పదమూడో యంత్రం స్థానికంగా లభ్యమైంది. ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నది. తెలుగు స్పష్టంగా పలుకుతుంది. కరెంటు అవసరం లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు అరగంట ఆపితే చాలు. స్టాకులో చేర్చుకోవడానికి అనుమతి ప్రార్థిస్తున్నాను."

జిల్లా ఆఫీసులో ఒక్కో గుమాస్తా రోజుకు మూడు వందల నిమిషాల అర్జీలు వినాలని లక్ష్యం ఉంది. అందుకని అందరూ రెట్టింపు వేగంతో వింటారు. ఓదెలు అర్జీ వాళ్ల చెవిలో పిచ్చుక కిచకిచలా మోగి వెళ్లిపోయింది. మర్నాడే అనుమతి వచ్చింది. దానితో పాటు వినికిడి మిత్ర గుర్తుపట్టే నంబరు చీటీ ఒకటి. "యంత్రము యొక్క కదలని భాగమునకు అంటించవలెను" అని సూచన ఉంది.

తనలో కదలని భాగం ఏదని ఓదెలు ఆలోచించాడు. ప్రమోషన్ తప్ప మరేదీ తట్టలేదు. చివరికి చొక్కా వీపుకు అంటించుకున్నాడు. తొమ్మిదో రోజు పొద్దున పదమూడో యంత్రాన్ని రవళి పేరు మీద ఇష్యూ చేసి, రిజిస్టరులో ఆమె వేలిముద్ర తీసుకుని, విడిభాగాల కోసమని రాసి పక్క గది తాళం తీసి గైడు బయటికి తెచ్చాడు. తెర ముందుకు వెళ్లి వీపు చూపించాడు. వినికిడి మిత్ర గంట కొట్టి, నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"మొదటి అధ్యాయం," అన్నాడు ఓదెలు. రవళి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నియమం నియమమే కాబట్టి ప్రతి పదిహేడో నిమిషానా చదువు ఆపి, "ఇది నీలోజిపేట శాఖా శ్రవణాలయపు ఆస్తి" అనేవాడు. మొదట్లో రవళికి నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఆ మాట వచ్చినప్పుడు నోరు తడి చేసుకునేది. ఒకరికి ఇష్యూ అయిన యంత్రాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు గానీ, పక్కన కూర్చున్నవాడి చెవులు మూయాలని ఎక్కడా లేదు. పోశెట్టి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. లచ్చవ్వ చాట గుమ్మం లోపలికి వచ్చింది. పిల్లలు ఎలా నేర్చుకుంటారో వింటూ బీడీలు చుట్టింది.

నెల తిరక్కముందే జిల్లా ఆఫీసు తెర మీద ఒక వింత కనిపించింది. నలభై రెండు శాఖల్లో ఐదు వందల యంత్రాలుంటే, అన్నిటికన్నా ఎక్కువ సేపు వినిపించింది నీలోజిపేట పదమూడో నంబరు. రోజుకు ఆరు గంటలు. మిగతావి సగటున నాలుగు నిమిషాలు, అదీ హెడ్‌ఫోను తీసి కొక్కేనికి తగిలించేదాకా. విభూషణరావు ఆ అంకెను రాజధాని సమావేశంలో ఎత్తి చూపించాడు. స్థానిక పరిజ్ఞానంతో తయారైన యంత్రమని, కరెంటు అక్కర్లేదని చెప్పాడు. పెద్దలు బల్లలు చరిచి, అలాంటివి మరో ఆరు వందలు కావాలన్నారు.

ముప్పయ్యో రోజున ఆయన కారు వచ్చి నీలోజిపేటలో ఆగింది.

"ఎక్కడ మన పదమూడు?" అంటూ లోపలికి వచ్చాడు.

ఓదెలు లేచి నమస్కారం పెట్టి, వెనక్కి తిరిగాడు.

విభూషణరావు చీటీ చూశాడు. నంబరు చూశాడు. ఓదెలు మెడ వెనక నెరిసిన వెంట్రుకలు చూశాడు. ఆయన ముఖంలో కోపం రాబోయి, దారిలో రాజధాని సమావేశం గుర్తొచ్చి ఆగిపోయింది. ఇది యంత్రం కాదని ఇప్పుడు అంటే, బల్లలు చరిచిన చేతులు తన మీదికి వస్తాయి. యంత్రమేనంటే అన్నీ సవ్యంగా ఉంటాయి. ఆయన అరనిమిషంలో తేల్చుకున్నాడు. జేబులోంచి తనిఖీ ఫారం తీశాడు.

"శబ్దం స్పష్టంగా ఉందా?" అని రవళిని అడిగాడు.

"మంచిగున్నది సార్. పొద్దుగాల జెర గొంతు పట్టేస్తది. చాయ్ పోస్తే తేటగైతది."

"వేడెక్కుతుందా?"

"సతాయిస్తే వేడెక్కుతది," అన్నాడు పోశెట్టి.

"వేగం పెంచే సదుపాయం?"

"ఒంటిగంట దగ్గరపడ్తుంటే దానంతట అదే పెరుగుతది సార్," అంది రవళి.

విభూషణరావు అన్నీ రాసుకున్నాడు. "తృప్తికరము" అని సంతకం పెట్టి, కలం మూత పెడుతూ అన్నాడు. "ఎల్లుండి గురువారం యంత్రాన్ని జిల్లా కేంద్రానికి తరలించాలి. ప్రదర్శన ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో శాఖలో ఒక్కో రోజు."

"సార్, ఈ అమ్మాయి పరీక్షకు ఇంకా పదకొండు రోజులే—" అని ఓదెలు మొదలుపెట్టాడు.

"యంత్రానికి అభిప్రాయాలుండవు," అన్నాడు విభూషణరావు మర్యాదగానే. "లైబ్రేరియన్ హోదాలో ఏమైనా చెప్పదలిస్తే యాప్ ద్వారా పంపండి."

అప్పుడు రవళి గొంతు వినపడింది. "అది నా పేరు మీద ఇష్యూ అయి ఉన్నది సార్. గడువు అయ్యేదాక వాపస్ అడగొద్దని పద్నాలుగో నియమం. రెన్యూవల్ ఒకసారే ఇస్తరు, అది చేయించుకున్న. ముప్పై ఏడో రోజుదాక నాదే."

విభూషణరావు నియమావళి తిరగేశాడు. ఉంది. రాసింది తానే. సొంత నియమాన్ని మీరితే మిషన్ ఏం కావాలి? "అయితే ముప్పై ఏడో రోజున వ్యాను వస్తుంది," అని లేచి వెళ్లాడు.

ఆ వారం ఓదెలు గైడు మూడోసారి పూర్తి చేశాడు. గొంతు బొంగురుపోయింది. రవళికి ఒక్కటే దిగులు. విన్నదంతా ఒకసారి గట్టిగా పైకి చెప్పుకుంటే తప్ప తనకు నమ్మకం కుదరదు, తప్పు పోతే పట్టుకోవడానికి పుస్తకం చూసేవాళ్లు కావాలి, ఆ మనిషిని కాస్తా వ్యాను ఎక్కిస్తున్నారు.

ముప్పై ఏడో రోజున వ్యాను వచ్చింది. విభూషణరావే స్వయంగా వచ్చాడు. "ఊఁ, వాపసు ఇచ్చేయమ్మా," అన్నాడు.

"ఇస్త సార్. మరి విన్నది యథాతథంగా ఉందో లేదో చూసుకొని తీసుకోవాలె గద?"

"అవసరం లేదులే. బాగానే ఉందని రాసేస్తాను."

పోశెట్టి కుర్చీలోంచి లేచాడు. చాలా రోజులుగా ఆయన లోపల ఒకటి కాలుతోంది. "నా తేనెటీగలు చిరిగినయని రాసిన్రు సార్. అందరికీ ఒకటే రూలుండాలె. చూడకుంట సంతకం పెట్టిన్రంటే మేం రాజధానికి యాప్ల పంపుతం."

విభూషణరావు రవళి వైపు చూశాడు, పోశెట్టి వైపు చూశాడు, కుర్చీ లాక్కున్నాడు. "కానీ," అన్నాడు.

"సరిచూసేతందుకు మీరు గైడు పట్టుకోవాలె సార్," అంది రవళి. "యంత్రాన్ని యంత్రమే సరిచూడొద్దు గద."

అలా చదవడం నిషిద్ధమైన గదిలో ప్రత్యేకాధికారి పుస్తకం తెరిచాడు. రవళి మొదలుపెట్టింది. మొదటి అధ్యాయం, శిశువు ఎదుగుదల. మాట మీద మాట, పేజీ మీద పేజీ. ఆయన వేలు పంక్తుల వెంట పరుగెత్తుతోంది. గదిలో గడియారం ఆగి ఏడాదైంది, ఆమె దానిని చూడలేదు కూడా, అయినా పదిహేడు నిమిషాలు కాగానే ఊపిరి తీసుకుని, "ఇది నీలోజిపేట శాఖా శ్రవణాలయపు ఆస్తి" అని చెప్పి, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకుంది. విభూషణరావు వాచీ చూసుకుని నోరు తెరిచాడు.

మధ్యాహ్నం ఆయన "చాలమ్మా" అన్నాడు. "చాలని రాస్తే మిగిలిన పేజీలు పోయినట్టు లెక్క సార్," అంది రవళి. సాయంత్రం వ్యాను డ్రైవరు వరండాలో పడుకున్నాడు. రెండో రోజు విభూషణరావు కోటు లేకుండా వచ్చాడు. నాలుగు చోట్ల ఆమె తడబడితే, తెలియకుండానే మాట అందించాడు. నూట తొంభయ్యో పేజీలో ఒక పేరు తప్పు చెబితే ఆపి సరిదిద్దాడు. ఆమె దాన్ని మూడుసార్లు చెప్పుకుని గట్టి చేసుకుంది. మూడో రోజు మధ్యాహ్నం అందరూ అన్నం తిని వచ్చేసరికి ఆయన అప్పటికే కుర్చీలో ఉన్నాడు. చెప్పులు విడిచేసి, పేజీలో వేలు పెట్టుకుని, "తర్వాత?" అన్నాడు. సర్వీసు మొత్తంలో ఆయన ఒక మనిషి మాట పూర్తిగా విన్నది ఆ మూడు రోజులే అని ఓదెలుకు అనిపించింది. పైకి అనలేదు, యంత్రానికి అభిప్రాయాలుండవు.

మూడు వందల నలభయ్యో పేజీ అయ్యేసరికి నాలుగున్నరైంది. విభూషణరావు పుస్తకం మూసి, "పదమూడు: యథాతథము. చిరుగులు లేవు" అని రాశాడు. ఓదెలు వ్యాను ఎక్కాడు. రవళి ఆటో ఎక్కింది. మధ్యలో ఒక్క రోజు నిద్రపోయి, నలభై ఒకటో రోజున పరీక్ష రాసింది. ఆమె జవాబులు చెబుతుంటే రాసిపెట్టడానికి ఒకమ్మాయిని ఇచ్చారు. పదిహేడో నిమిషాన రవళి ఆగి ఏదో ఆస్తి గురించి చెప్పేసరికి, ఆ అమ్మాయి అది ఏ ప్రశ్నకు జవాబో తెలియక బిత్తరపోయిందట.

రవళికి ఉద్యోగం వచ్చింది. శ్రవణ మిషన్ వార్షిక నివేదిక అట్ట మీద హెడ్‌ఫోను పెట్టుకుని అద్దం తడుముతున్న ఆమె ఫొటో వేశారు.

ఓదెలు నలభై రెండు శాఖలూ మూడేసి సార్లు తిరిగి, ప్రతి ఊళ్లోనూ అడిగింది అడిగినట్టు చదివి వినిపించి, ఐదు నెలలకు నీలోజిపేట చేరాడు. బల్ల మీద ఉత్తరం కాచుకుని ఉంది.

"పదమూడవ నంబరు యంత్రము లైబ్రేరియన్ నిర్వహించు సమస్త విధులను అంతకన్నా సమర్థవంతముగా నిర్వహించుచున్నందున, సదరు శాఖయందు లైబ్రేరియన్ పోస్టు అనవసరమని భావించి రద్దు చేయడమైనది. ప్రస్తుత లైబ్రేరియన్ తన బాధ్యతలను యంత్రమునకు అప్పగించి వైదొలగవలెను."

ఆయన రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. యంత్రానికి రిటైర్మెంటు లేదు, పనికిరాదని తేలేదాకా వాడతారు. ఓదెలు అప్పగింత ఫారం రెండు ప్రతులు తీసి, అప్పగించినవారు అన్న చోట సంతకం పెట్టాడు. స్వీకరించినవారు అన్న చోట పదమూడు అని రాశాడు. తాళం చెవి కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

లచ్చవ్వ ఆ మాట విని మిఠాయి పొట్లంతో ఉరుక్కుంటూ వచ్చింది. బిడ్డ మొదటి జీతంతో కొన్నది. "ఏంది సారూ, మీ నౌకరి తీసేసిన్రట?"

"మనిషిని తీసేసిన్రు లచ్చవ్వా. గొంతు ఉంచుకున్రు," అన్నాడు ఓదెలు.

ఆమె పొట్లం విప్పి, ఒక ముక్క ఆయన చేతిలో పెట్టింది. వరండాలో అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు, పక్కూరి నుంచి చూపు లేని ఒక పిల్లవాడిని అతని అక్క చేయి పట్టుకుని తీసుకొచ్చింది. పదమూడో నంబరు యంత్రం మిఠాయి నమిలి, మూతి తుడుచుకుని, గది తాళం తీసి, ఏ పుస్తకం కావాలని అడిగింది.